నేల మంచిదే, దారే గుల్ల
కృష్ణా డెల్టా దిగువన మెత్తని కేబుళ్లూ, అల్లిక తొడుగులూ, ఎర్తింగూ

కృష్ణా నది పులిగడ్డ దిగువన పాయలుగా విడిపోయి సముద్రంలో కలిసేచోట, నది తెచ్చిన ఒండ్రూ కడలి వదిలిన ఉప్పూ కలిసి తయారైన నేల వ్యవసాయానికి ఎన్ని చిక్కులు తెచ్చిపెట్టినా, విద్యుత్ శాస్త్రం దృష్టిలో మాత్రం అరుదైన సంపద. మచిలీపట్నం, కృత్తివెన్ను, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో కాస్త లోతుకు వెళితే వేసవిలోనూ తడి ఆరని బంకమట్టిలో ఒక ఇనుప గొట్టం పాతితే చాలు, రాతినేలల్లో ఎంతో ఖర్చుపెట్టినా సాధ్యంకాని ఎర్తింగు దొరుకుతుంది. అయినా ఈ సీమలోనే రొయ్యల చెరువుల గట్లమీదా, రైస్‌మిల్లుల్లోనూ, ఇళ్ల పెరళ్లలోనూ కరెంటు షాకు ప్రమాదాలు వార్తలకెక్కుతూనే ఉన్నాయి. లోపం నేలలో లేదు. యంత్రం నుంచి నేలదాకా సాగవలసిన తీగలో ఉంది. ముఖ్యంగా, కదిలేచోట వాడవలసిన మెత్తని కేబులును కదలని చోట శాశ్వతంగా పరచడంలోనూ, దాని మీది లోహపు అల్లికనే ఎర్తు తీగగా భావించడంలోనూ ఉంది.

ఎర్తింగు అంటే మోటారు ఒళ్లు, స్టార్టరు డబ్బా, ఫ్రిజ్ తలుపు వంటి లోహభాగాలను ఒక తీగతో నేలలో పాతిన గొట్టానికో పలకకో కలిపి ఉంచడం. మామూలు వేళల్లో ఆ తీగలో కరెంటు పారదు. లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు ఒంటిమీదికి వచ్చిన క్షణంలో, మనిషి చెయ్యి తగిలేలోపే అది ఆ తీగ వెంట నేలకు జారిపోవాలి, ఆ జారిన కరెంటును గుర్తించి రక్షణ పరికరం సరఫరాను ఆపివేయాలి. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటి జరగకపోయినా ఎర్తింగు ఉన్నట్టు కాదు.

నేల ఈ పనికి ఎంత అనువైనదో చెప్పడానికి నేల నిరోధకత అనే కొలత ఉంది. ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మట్టి దిమ్మ రెండు ఎదురు ముఖాల మధ్య కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో దాన్ని ఓం-మీటర్లలో చెబుతారు. ఉప్పుతేరిన తడి బంకమట్టికి ఇది 10 లోపే ఉండవచ్చు, ఎండిన ఎర్రనేలకు 100 దాటవచ్చు. ఎర్తింగుకు భారత ప్రమాణమైన ఐఎస్ 3043 సూచించే 2.5 మీటర్ల పొడవైన గాల్వనైజ్డ్ గొట్టాన్ని 40 మిల్లీమీటర్ల వ్యాసంతో పాతితే, లెక్క ప్రకారం మొదటి నేలలో 3.5 ఓంల నిరోధం, రెండో నేలలో 35 ఓంల నిరోధం వస్తాయి. అంటే నిడుమోలు దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ప్రకృతే సగం పని చేసిపెడుతుంది. ఆ మాట తెలియకనో, అలవాటు కొద్దీనో, ఉప్పుకయ్యల ఊళ్లలో కూడా ఎర్తు గుంటలో బస్తాల కొద్దీ ఉప్పూ బొగ్గూ పోయడం కనిపిస్తుంది. పొడినేలలో ఆ రెండూ తేమను పట్టి ఉంచి మేలు చేస్తాయి. ఉప్పునేలలో మాత్రం అదనంగా పోసిన ఉప్పు గొట్టం మీది జింకు పూతను ముందుగా తినేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అల్లిక ఎందుకు పుట్టింది

మెత్తని కేబులు అంటే, ఒకే లావుపాటి తీగకు బదులు వెంట్రుకల్లాంటి సన్నని పోగులు అనేకం పేని చేసిన కేబులు. వాహకాలకు సంబంధించిన ఐఎస్ 8130 ప్రమాణం ఒంటితీగను మొదటి తరగతిగా, మెత్తని పోగులను అయిదో తరగతిగా చెబుతుంది. మార్కెట్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటివైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. ఇలాంటి మల్టీస్ట్రాండ్ వైరును పీవీసీ పైపులోంచి లాగి గోడలో అమర్చడంలో తప్పులేదు, ఎందుకంటే అక్కడ దెబ్బలనుంచి కాపాడే పని పైపుది. చిక్కు వచ్చేది పైపు లేకుండా, తన తొడుగే తనకు రక్షణగా బయట పరిచే మెత్తని కేబుళ్లతోనే. స్విచ్చు దగ్గరా మోటారు పెట్టెలోనూ ఆ సన్నపోగులను ఒకటిగా పట్టి ఉంచే లగ్గు గానీ ఫెర్రూలు గానీ వేయకుండా నేరుగా మర కింద బిగిస్తే, కొన్ని పోగులు తెగిపోతాయి, మిగిలినవి కాలక్రమంలో నలిగి వదులవుతాయి, అక్కడ వేడి పుడుతుంది. వైరు కాలిన వాసన వచ్చినప్పుడు కేబులు కంపెనీని తిట్టుకునే ఇళ్లలో చాలావాటి నేరం ఆ మర దగ్గరే ఉంటుంది.

ఇక అల్లిక. ఇస్త్రీపెట్టె వైరు మీద నూలు అల్లిక ఉంటుంది, అది వేడికి కరగకుండా, చేతికి మెత్తగా ఉండడానికి. పాత మేడల్లో దూలం మీది సీలింగ్ రోజ్ నుంచి బల్బు దాకా వేలాడే నూలు తొడుగు జంటవైరు కూడా ఆ జాతిదే. వేలాడినంతవరకు అది తన పని తాను చేసినట్టే. దాన్ని టేకు చెక్కపట్టీల మీద మేకులతో గోడ పొడుగునా సాగదీసిన చోటల్లా నూలు తేమ పీల్చి, లోపలి రబ్బరు పెళుసెక్కి, అగ్నిప్రమాదాలకు దారితీసింది. రెండో రకం ఉక్కు తీగల అల్లిక. జర్మన్ సంకేతాలనుంచి వచ్చిన ఎస్‌వై అనే పేరుతో ఇది ప్రసిద్ధం. ఎస్ అంటే ఉక్కు, వై అంటే పీవీసీ. జింకు పూసిన సన్నని ఉక్కు తీగలను జడలా అల్లి, దానిపై తరచు పారదర్శకమైన పీవీసీ తొడుగు వేస్తారు. యంత్రాల మధ్య, కదలికలూ రాపిడీ ఉన్నచోట దెబ్బలు తగలకుండా కాపాడడం దాని ఉద్దేశం. బ్రిటన్‌లో దీనికి ప్రత్యేకమైన బ్రిటిష్ ప్రమాణమంటూ లేకపోవడం వల్ల భవనాల స్థిర వైరింగులో దీని వాడకం దశాబ్దాలుగా వివాదంగానే సాగుతోంది. మూడోది రాగి అల్లిక. మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల నుంచి పుట్టే విద్యుత్ రొద పక్క తీగలకు సోకకుండా అడ్డుకునే తెర అది. నాలుగోది కేబులే కాదు, పట్టీలా అల్లిన వట్టి రాగి. ప్యానెల్ తలుపు తెరిచిమూసినా ఎర్తు తెగకుండా తలుపునూ పెట్టెనూ కలపడానికి వాడతారు.

డెల్టాలో ఉక్కు అల్లిక కేబులు మీద మోజుకు ఒక న్యాయమైన కారణం ఉంది. ఎలుక. ధాన్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట పీవీసీ తొడుగు బతకదు. గుడివాడ చుట్టుపక్కల మిల్లుల్లో మోటారు మోటారుకూ వెళ్లే వైర్లను కొరుకుళ్లనుంచి కాపాడడానికి ఉక్కు జడ వేసిన కేబులు ఆకర్షణీయంగా కనిపించడంలో వింతలేదు. అయితే అదే పని ఐఎస్ 1554 ప్రమాణంలోని ఆర్మర్డ్ కేబులు మరింత గట్టిగా చేస్తుంది. ఆర్మర్డ్ కేబులు మీది ఉక్కు తీగలు లావుగా, పక్కపక్కన చుట్టినట్టు ఉంటాయి. వాటి అడ్డుకోత ఎంత, ఫాల్టు కరెంటును ఎంతసేపు భరిస్తాయి అన్నది తయారీదారు లెక్కగట్టి చెప్పగలడు. అల్లికలోని తీగలు వెంట్రుక లావు, వాటి దారి వంకరటింకర కాబట్టి కేబులు పొడవు కంటే ఎక్కువ, పైగా ఉక్కు నిరోధం రాగి నిరోధానికి దాదాపు ఏడెనిమిది రెట్లు. ఫాల్టు వేళ వందల ఆంపియర్లు ఆ జడ మీద పడితే అది దారి ఇవ్వడానికి బదులు తానే కాలిపోవచ్చు.

అందువల్ల పాటించవలసిన సూత్రానికి రెండు ముఖాలున్నాయి, అవి పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. అల్లికను ఎర్తుకు కలిపితీరాలి, ఎందుకంటే కేబులు ఎక్కడైనా నలిగి లోపలి ఫేజు తీగ తగిలితే ఆ లోహపు జడ పొడుగునా కరెంటు పాకుతుంది. కానీ ఆ అల్లికను ఎర్తు తీగగా లెక్కవేయకూడదు; యంత్రానికి కావలసిన ఎర్తు కేబులు లోపల పచ్చ-పసుపు చారల కోరు (లోపలి తీగ)గానో, పక్కన వేరే తీగగానో తప్పకుండా వెళ్లాలి. ఆ తీగ లావు, 16 చదరపు మిల్లీమీటర్ల వరకు, ఫేజు తీగ లావుకు సమానంగా ఉండాలి. అల్లికను కలిపే పద్ధతి కూడా ముఖ్యమే. దాన్ని కత్తెరతో విప్పి, పిలకలా మెలేసి, ఏదో ఒక బోల్టు కింద దూర్చడం చూడడానికి సులువైనా, జడ మొత్తాన్ని చుట్టూరా పట్టుకునే లోహపు గ్లాండుతో పెట్టెకు బిగించడమే సరైనది. డ్రైవు కేబుళ్ల రాగి తెర విషయంలో ఇది మరీ ముఖ్యం; పిలకలా మెలేసిన తెర రొదను ఆపదు.

భారత చట్టం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలో కదిలే పరికరాల కేబుళ్లకు 38వ నియమాన్ని ప్రత్యేకించారు. మెత్తని కేబుళ్లకు బలమైన ఇన్సులేషనూ, దెబ్బలనుంచి తగిన రక్షణా ఉండాలనీ, ఆ రక్షణ లోహపు తొడుగు అయితే దాన్ని యంత్రపు ఒంటికీ ఎర్తుకూ లోహసంబంధంతో కలపాలనీ, సింగిల్ ఫేజుకు మూడు కోర్లు, త్రీఫేజుకు నాలుగు కోర్లు ఉండాలనీ, ఎర్తు కోరును సులువుగా గుర్తుపట్టగలగాలనీ అది నిర్దేశించింది. 61వ నియమం మోటారు ఒంటికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఆ నియమావళి స్థానంలోకి వచ్చాయి, 2023లో వాటినీ తిరగరాశారు. నాలుగో కోరు అనే మాట ఆ పాత నియమావళి కాలం నుంచీ కాగితం మీద ఉంది.

నాలుగో కోరు లేని గట్లు

కాగితం దాటి చెరువు గట్టుమీదికి వస్తే కనిపించేది మరొకటి. 2009లో వన్నామీ రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తా ఆంధ్రలో సాగు తీరే మారిపోయింది. గుడ్డిగా లెక్కవేసినా నాలుగైదు వందల కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ చొప్పున ఏరియేటర్లు తిరిగితే తప్ప రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు నిలవదు. ఏరియేటర్ మోటారు ప్లాస్టిక్ ఫ్లోట్ల మీద నీటిలో తేలుతూ, తిరుగుతూ, అదురుతూ ఉంటుంది కాబట్టి దాని చివరి కొన్ని మీటర్లకు మెత్తని కేబులు తప్పనిసరి. ఆ చివరి కొన్ని మీటర్ల నియమాన్ని స్టార్టరు డబ్బా దాకా సాగదీయడంలోనే అనర్థం మొదలవుతుంది. గట్టుమీద స్థిరంగా ఉండవలసిన వంద, రెండు వందల మీటర్ల దూరాన్ని కూడా మెత్తని కేబులుతోనే లాగి, దాన్ని గడ్డిలో, బురదలో, ఒక్కోచోట నీళ్లలో పడవేసి, అతుకుల దగ్గర టేపు మీద పాలిథీన్ కవరు చుట్టి వదిలేయడం సర్వసాధారణం.

ఆ కేబులులో కోర్లు ఎన్ని? ఎక్కువ చోట్ల మూడు. బోరు మోటార్ల కోసం అమ్మే చదును సబ్‌మెర్సిబుల్ కేబులు మూడు కోర్లతో వస్తుంది. అది త్రీఫేజు ఫేజులకే సరిపోతుంది, ఎర్తుకు చోటే లేదు. ధర తక్కువ, దొరకడం సులువు, నీటికి తట్టుకుంటుందన్న పేరు ఉంది కాబట్టి ఏరియేటర్లకు అదే నడుస్తోంది. మోటారు నీళ్లలోనే ఉంది, దానికి వేరే ఎర్తు దేనికి అన్న వాదన కూడా వినిపిస్తుంది. ఈ వాదన వినడానికి సబబుగా ఉంటుంది, ప్రమాదం అంతా అందులోనే ఉంది. ఫ్లోట్లు ప్లాస్టిక్‌వి, నీటికి తగిలేది షాఫ్టూ రెక్కలూ మాత్రమే. ఫాల్టు వచ్చినప్పుడు కరెంటు వాటినుంచి నీటిలోకి దిగి నలువైపులా పాకుతుంది, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది, ఆ తగ్గుదల మధ్యలో నడుములోతు నీళ్లలో నిలబడ్డ మనిషి ఒక తీగ అయిపోతాడు. నీరు ఎర్తుగా మారడమంటే అర్థం ఇదే.

ఇక్కడ మళ్లీ నేల మంచితనం మాట ఎత్తాలి, ఎందుకంటే అది రైతుకు లేనిపోని ధైర్యం ఇస్తుంది. ఏరియేటర్‌కు ఎర్తు తీగ ఉండి, అది గట్టుమీది 3.5 ఓంల మంచి ఎర్తు గుంటకు కలిసి ఉందనీ, ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్ ఎర్తు 2 ఓంలనీ అనుకుందాం. 230 వోల్టుల ఫాల్టు వస్తే దారి మొత్తం 5.5 ఓంలు, పారే కరెంటు సుమారు 42 ఆంపియర్లు. ఆ మోటారు లైనుకు 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే పడిపోయే స్విచ్చు) ఉంటే, ప్రమాణం ప్రకారం అది రేటింగుకు 1.45 రెట్ల కరెంటు దగ్గర కూడా ఒక గంటలోపు పడిపోతే సరిపోతుంది. 42 ఆంపియర్లు అంటే 1.3 రెట్లే, అసలు పడకపోయినా దాన్ని తప్పుపట్టలేం. ఆ లోగా మోటారు ఒళ్లు సుమారు 146 వోల్టుల మీద నిలిచి ఉంటుంది. తడిసిన మనిషి దేహపు నిరోధాన్ని 1,000 ఓంలుగా తీసుకుంటే అతని గుండా 146 మిల్లీఆంపియర్లు పారవచ్చు, గుండె లయ తప్పడానికి అందులో ముప్పావు వంతు కూడా అక్కరలేదు. అందువల్ల ఎంత మంచి నేలలో ఎంత మంచి ఎర్తు గుంట తవ్వినా, ఎంసీబీ ఒక్కటే ఉంటే రక్షణ సగంలో ఆగిపోతుంది. మిగతా సగం ఆర్‌సీసీబీది. వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి, మధ్యలో 30 మిల్లీఆంపియర్లు ఎక్కడో కారిపోయాయని తేలగానే సెకనులో మూడోవంతు లోపే సరఫరా ఆపే పరికరం అది. ఎర్తు తీగ ఉంటే ఫాల్టు పుట్టిన వెంటనే పడిపోతుంది, లేకపోతే మనిషి తగిలాక పడిపోతుంది. ఈ రెంటి తేడాయే నాలుగో కోరు ధర.

తరచు పడిపోతోందని దాన్ని పీకి పక్కన పెట్టడం కూడా గట్లమీద చూస్తున్నదే. పరికరం చెడిపోయి పడేదానికంటే, పాలిథీన్ చుట్టిన అతుకుల్లోంచి కరెంటు కారుతుండడం వల్ల పడే సందర్భాలే ఎక్కువ. కరెంటు కారుతోందని చెప్పిన పాపానికి శిక్ష ఆర్‌సీసీబీకి పడుతోంది.

మరో దుర్వాడుక ఈ మంచినేల వల్లనే పుట్టింది. నేల సులువుగా కరెంటు తీసుకుంటుంది కాబట్టి, న్యూట్రల్ తీగ దండగ అనుకుని ఒక ఫేజు తీగతోనూ, నేలలో దింపిన ఒక కడ్డీతోనూ మాత్రమే బల్బులూ చిన్న మోటార్లూ నడిపే అలవాటు. ఆ కడ్డీ చుట్టూ నేలే కరెంటుతో నిండి ఉంటుంది. వానపడ్డ రోజున అటు నడిచిన పశువు ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య ఉన్న వోల్టేజీ తేడాకే కూలిపోతుంది.

ఉప్పుగాలి చేసే పని

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొంది. ఆ విషాదాన్ని విద్యుత్ పాఠంగా కుదించడం తగదు గానీ, సముద్రం తనది అనుకున్న నేలలో లోహం బతుకు ఎంతకాలమో లెక్కవేసుకునే అలవాటు ఈ తీరానికి ఉండాలి. కోడూరు, నాగాయలంక గాలిలో తేలే ఉప్పు తేమ అల్లికను అంచులనుంచి పట్టుకుంటుంది. తెగిన చోట తొడుగు కిందికి దూరిన నీరు వత్తిలో నూనె ఎక్కినట్టు తీగల సందులవెంట మీటర్ల కొద్దీ పాకుతుంది. పారదర్శక తొడుగు వేసిన ఎస్‌వై కేబుళ్లకు ఒక మేలు ఉంది: వెండిలా మెరిసిన జడ ఇటుకరంగుకు తిరగడం బయటికే కనిపిస్తుంది. ఎండకు ఆ తొడుగే పసుపెక్కి పగిలిపోతుందన్నది దాని వెంటే వచ్చే నష్టం.

నేల అడుగున జరిగేది కంటికి కనిపించదు. గాల్వనైజ్డ్ గొట్టానికి రాగి తీగను కలిపితే, ఉప్పునీటిలో ఆ రెండూ కలిసి ఒక చిన్న బ్యాటరీ అవుతాయి, ఆ బ్యాటరీలో కరిగిపోయేది జింకు. గొట్టం మంచిగానే ఉండి, రాగి పట్టీ మెరుస్తూనే ఉండి, మధ్యన బిగించిన చోట మాత్రం బూడిదరంగు పొడి మిగిలిన ఎర్తులు ఈ తీరంలో ఎన్నో. అల్యూమినియం సర్వీసు తీగకు రాగి కేబులును మెలేసి కలిపిన అతుకులదీ అదే గతి. వాటికి రెండు లోహాలకూ ఒప్పే బైమెటల్ లగ్గులు ఉన్నాయి, ధర కూడా పెద్దదేమీ కాదు.

మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు పూతపెట్టే రసాయన తొట్ల దగ్గర అల్లిన రాగి పట్టీలు తమ సహజస్థానంలో కనిపిస్తాయి. పూతకు కావలసింది కొద్ది వోల్టులే, ఆంపియర్లు ఎక్కువ. కదిలే తొట్టి కమ్మీలకు అల్లిక పట్టీయే సరైన సాధనం. అక్కడ జాగ్రత్త పడవలసింది తొట్టి వైపు కాదు, 230 వోల్టులు వచ్చే రెక్టిఫయర్ డబ్బా వైపు. రసాయనాల ఆవిరి దాని ఎర్తు మరలను ముందు తినేస్తుంది.

గుడివాడ మిల్లుల్లో అదిరే జల్లెడలకూ ఎలివేటర్లకూ చివరి అరమీటరు, మీటరు దూరం మెలికలు తిరిగే లోహపు ఫ్లెక్సిబుల్ పైపు వేయడం మంచి పద్ధతే. ఆ పైపు చుట్టల మధ్య సందుల్లో దుమ్మూ తుప్పూ చేరి లోహసంబంధం తెగుతుంది కాబట్టి అది ఎర్తు కాదు, దాని లోపలినుంచి విడిగా ఎర్తు తీగ వెళ్లాలి. అక్కడినుంచి ప్యానెల్ దాకా ఆర్మర్డ్ కేబులో, గట్టి పైపులోని వైర్లో ఉండాలి. చెరువు గట్టు లెక్కా అంతే: గట్టు పొడుగునా భూమిలో పాతిన ఆర్మర్డ్ కేబులు గానీ స్తంభాల మీది తీగ గానీ, చివర నీటి అంచునుంచి మోటారు దాకా మాత్రం గట్టి రబ్బరు తొడుగు ఉన్న నాలుగు కోర్ల మెత్తని కేబులు, మధ్యలో అతుకు లేకుండా.

రొయ్యల పట్టుబడి ముగిసి చెరువు ఎండగట్టే రోజుల్లో కేబులంతా పైకి తీసి చూసుకోవడానికి వీలుంటుంది, మళ్లీ నీరు పెట్టాక ఆ అవకాశం నెలల తరబడి రాదు. అప్పుడే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మోటారు ఒంటినుంచి ఎర్తు గుంటదాకా తీగ తెగకుండా ఉందో లేదో మీటరుతో చూపించుకోవాలి, ఎందుకంటే ఆర్‌సీసీబీ మీది ‘టి’ అక్షరపు మీట ఆ పరికరాన్ని పరీక్షిస్తుందే గాని ఎర్తు తీగను పరీక్షించదు. ఆ మీటను మాత్రం కనీసం నెలకొకసారి ఎవరైనా నొక్కవచ్చు. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే, అది మార్చేదాకా ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకండి.